ఫొటో పేపర్ మంచిదే, మరి ప్రింట్ ఎందుకు వెలిసిపోతోంది?

నమస్కారం అండి, విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. ముందు ఈ రెండు ఫొటోలు చూడండి. సాయంత్రం ప్రకాశం బ్యారేజి దగ్గర మా అమ్మను తీసిన ఫొటో ఇది. ప్రింటర్ ఒకటే, ఇంకు ఒకటే, కాగితాలు రెండూ ఒకే ప్యాకెట్‌లోవి. ఎడమచేతిలో ఉన్నదానిలో మెరూన్ చీర ఉతికి ఉతికి వెలిసినట్టుంది. కృష్ణ నీళ్ల మీద అడ్డంగా సన్నని గీతలు. జుట్టు మీద వేలితో రుద్దుతున్నాను, ఇదిగో, నలుపు అంటుకుంది. కుడిచేతిలోని దానిలో జరీ పోగులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి.

మొదటిదానికి సెట్టింగ్‌లో 'ప్లెయిన్ పేపర్' అలాగే వదిలేశాను. రెండోదానికి 'గ్లాసీ ఫొటో పేపర్' ఎంచుకున్నాను. తేడా అంతే! మనం ఏ కాగితం పెట్టామో ఇలాంటి ప్రింటర్‌కు తెలియదండి, మనం చెప్పిందే నమ్ముతుంది. ఇందులో నలుపు పిగ్మెంట్ ఇంకు, అంటే సన్నని రంగు పొడి కలిసి ఉండేది. మిగతా మూడు రంగులూ డై ఇంకులు, అంటే రంగు పూర్తిగా కరిగిపోయి ఉండేవి. పిగ్మెంట్ ఈ గ్లాసీ పూతలోకి ఇంకదు, పైనే నిలిచిపోతుంది. ఫొటో పేపర్ అని చెబితే ఆ నలుపును వాడకుండా మూడు రంగులూ కలిపి నలుపు తెస్తుంది. ఇంత ముఖ్యమైన ఎంపికను ఫోను యాప్‌లో ఎక్కడో లోపల దాచడం నాకు అస్సలు నచ్చలేదు.

కాగితం కొనేటప్పుడు జీఎస్ఎం చూడండి, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువుందో చెప్పే అంకె. పిల్లల ప్రాజెక్టులకు 180 చాలు. ఆల్బమ్‌కైతే 260 దగ్గరిది తీసుకోండి, చేతిలో పట్టుకోగానే ఆ బరువు తెలుస్తుంది. గోడకు వేలాడదీసేదైతే నా ఓటు మ్యాట్‌కే, కిటికీ వెలుతురు దాని మీద మెరవదు. వానాకాలంలో మిగిలిన కాగితాలను కవర్‌లోనే ఉంచండి, తేమకు అంచులు వంకర తిరుగుతాయి.

ఇంకొకటి. ఫోనులో ఫొటో సాధారణంగా 4:3, మన కాగితం 4×6 అంగుళాలు, అంటే 3:2. అంచుల్లేకుండా ప్రింట్ ఇస్తే అడ్డం ఫొటోలో ఎత్తు తొమ్మిదో వంతు పోతుంది. మొదటిసారి అమ్మ తలలోని మల్లెపూలు అలాగే తెగిపోయాయి, ప్రాణం ఉసూరుమంది. ముందుగా ఫోనులోనే 3:2కు కత్తిరించుకుంటే ఏది పోవాలో మీరే నిర్ణయించుకోవచ్చు.

ఈ ఫొటోను ఇప్పుడే ఫ్రేములో పెట్టను. ఇంకు పూర్తిగా ఆరకముందే అద్దం బిగిస్తే లోపల ఆవిరి పడుతుంది. రేపు సాయంత్రం పెట్టి అమ్మకు ఇస్తాను.