ఈ కాగితం పోతే ఎన్ని ఆఫీసులు తిరగాలి?

శ్రోతలకు నమస్కారం.

మన ఇళ్లలో కాగితాలకు ఒక చోటంటూ ఉండదు. ఇంటి దస్తావేజు బీరువా లాకరులో, దాని లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకు ముందు యజమానుల పాత దస్తావేజులు, అటక మీది ట్రంకు పెట్టెలో, ఎల్‌ఐసీ బాండు దేవుడి పటం వెనక, గ్యాసు కనెక్షను కాగితం వంటింటి డబ్బాల మధ్య, మిగిలినవన్నీ పరుపు కింద. ఏది ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ ఊళ్లో లేనప్పుడు బ్యాంకువాళ్లు ఏదో అడుగుతారు. ఇక ఫోనులో "ఎడమవైపు అర, కాదు కాదు, దాని కింద పచ్చ సంచీ" అంటూ గంటసేపు టెన్షన్.

సర్దుదాం అనుకోగానే చాలామంది ముందు రంగురంగుల ఫైళ్లు కొంటారు. బ్యాంకుకొకటి, ఆసుపత్రికొకటి, పిల్లల చదువుకొకటి. నెల తిరక్కుండానే ఆ ఫైళ్ల పక్కన ఇంకో కుప్ప లేస్తుంది. నన్నడిగితే, కాగితం దేనికి సంబంధించిందో తర్వాత చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది, ఇది పోతే మళ్లీ తెచ్చుకోవడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలి అన్నది. ఫోనులో రెండు నిమిషాల్లో దిగేదైతే దానికి బీరువాలో చోటు దండగ. పోలీసు కంప్లైంటు, పేపర్లో ప్రకటన, అఫిడవిట్ అంటూ నెలల తరబడి తిప్పేదైతే ఇంట్లో అన్నిటికంటే మంచి చోటు దానిదే.

అలా తిప్పేవాటిలో ఇంటి, పొలం దస్తావేజులు మొదటివి. పాత స్టాంపు కాగితాలను నాలుగు మడతలు పెట్టి కవర్లో దోపేయడం మనకు అలవాటు. ఓసారి బయటికి తీసి వెలుతురుకు ఎత్తి పట్టండి. మడత పడ్డచోట కాగితం నలిగి పలచబడి, సన్నటి చిరుగు కనిపిస్తుంది. ఆ చిరుగు సరిగ్గా ఆస్తి వివరాలు రాసే షెడ్యూలు మీదుగా పోయిందంటే తూర్పు హద్దు ఎవరిదో, స్థలం ఎన్ని గజాలో చదవలేం. అందుకే మడతలు విప్పి, పెద్ద కవర్లో బల్లపరుపుగా పెట్టండి. గుండుసూదులు తీసేయండి, తుప్పు అక్షరాలను తినేస్తుంది. చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి, అది కొన్నేళ్లకు పచ్చబడి, పీకితే కాగితంతో సహా వస్తుంది. వానాకాలం వెళ్లాక ఒకరోజు పెట్టె తెరిచి చెద పట్టిందేమో చూసుకోండి. కలరా ఉండలు వేస్తే చిన్న గుడ్డలో మూటకట్టి వేయండి.

ల్యామినేషన్ అంటే మనవాళ్లకు మహా ఇష్టం. టెన్త్ మెమో నుంచి డిగ్రీ పట్టా దాకా అన్నిటికీ అట్టలా చేయించి మురిసిపోతారు. ఒకసారి చేయిస్తే కాగితం పాడవకుండా తీయడం కష్టం. వెనకవైపు స్టాంపు వేయడానికి చోటు ఉండదు కాబట్టి, పిల్లలు విదేశాలకు వెళ్లేటప్పుడు అటెస్టేషను దగ్గర ఇబ్బంది పడతారు. ఫ్రిజ్ బిల్లుకైతే అసలే వద్దు. ఆ నున్నటి బిల్లు మీద ఉండేది సిరా కాదు, వేడికి నల్లబడే పూత. ల్యామినేషను యంత్రంలో పెడితే మొత్తం నల్లగా మాడిపోతుంది, ఊరికే ఉంచినా అక్షరాలు వెలిసిపోతాయి. కొన్నరోజే జిరాక్స్ తీయించడం మంచిది.

లింకు డాక్యుమెంట్ల మాటకొస్తే, కొత్త దస్తావేజు వచ్చింది కదా, పాతవెందుకని అటకెక్కించేస్తాం. అమ్మేటప్పుడైనా, లోను పెట్టేటప్పుడైనా కొనేవాళ్లు, బ్యాంకువాళ్లు అడిగేది ఆ పాతవే. మన రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటరులో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్టుల వివరాలు చూపే పత్రం, 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. ఇంటి లోను తీరినవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. 2023 డిసెంబరు 1 నుంచి ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, అప్పు మొత్తం తీరిన 30 రోజుల్లో బ్యాంకు మీ ఒరిజినల్ పత్రాలు తిరిగివ్వాలి. తప్పు వాళ్లదై ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు కట్టాలి. లోను తీసుకున్నప్పుడు ఏయే పత్రాలు ఇచ్చారో ఆ జాబితా దగ్గర ఉంటే తిరిగి తీసుకునేటప్పుడు ఒక్కొక్కటీ సరిచూసుకోవచ్చు. అంచేత ఆ జాబితా కూడా పారేసేది కాదు.

ఇక గడువున్న కాగితం ఒకటుంది, ప్రామిసరీ నోటు. పల్లెల్లోనే కాదు, పట్నాల్లోనూ తెలిసినవాళ్లకు డబ్బిచ్చి నోటు రాయించుకుని బీరువాలో పెట్టి మరిచిపోతారు. రాసిన తేదీ నుంచి మూడేళ్లు దాటితే ఆ నోటు మీద కోర్టుకు వెళ్లడం కష్టం. ఆ లోపు ఎంతో కొంత జమ చేయించి, నోటు వెనక వాళ్ల సంతకంతో చెల్లు రాయించుకోవాలి, లేదా నోటు తిరగరాయించుకోవాలి. నోటు పెట్టిన కవరు మీద ఆ గడువు తేదీ పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి. చుట్టాలతో మొహమాటం సంగతి వేరే, దానికి నా దగ్గర మందు లేదు.

పారేయగలిగినవి మీరనుకున్నదానికంటే చాలా ఎక్కువ. పాత కరెంటు బిల్లులు, ఫోను బిల్లులు, ఏటీఎం చీటీలు, ముగిసిపోయిన బండి ఇన్సూరెన్సు, ఎందుకైనా మంచిదని తీయించిన ఆధార్ జిరాక్సులు, అన్నీ పోవచ్చు. ఆదాయపు పన్ను కాగితాలు ఏడెనిమిదేళ్లవి ఉంటే సరిపోతుంది. ఇంటి పన్ను రశీదులు మాత్రం ఉంచండి, ముఖ్యంగా పంచాయతీలవి. తెలిసిన ఇళ్లలో చూస్తుంటాను, పదేళ్ల నాటి కరెంటు బిల్లులు భద్రంగా ఉంటాయి, ఇల్లు కట్టినప్పటి సిమెంటు, ఇనుము బిల్లులు మాత్రం ఎప్పుడో చెత్తలోకి పోయి ఉంటాయి. ఎప్పుడైనా ఆ ఇల్లు అమ్మితే లాభం మీద పన్ను లెక్క కట్టేటప్పుడు, ఇంత ఖర్చయిందని చూపించాల్సింది ఆ బిల్లులతోనే. ఆసుపత్రి కాగితాల్లో డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషను రిపోర్టులు ఉంచుకోవాలి. మందుల చీటీ ఆఖరిది చాలు.

2015 జులైలో వచ్చిన డిజిలాకర్, అంటే పత్రాలను ఫోనులో దాచుకునే ప్రభుత్వ యాప్, చాలా భారం తగ్గించింది. డ్రైవింగ్ లైసెన్సు, బండి ఆర్‌సీ లాంటివి అందులోంచి చూపించినా చెల్లుతాయి. ఒక్క తిరకాసుంది. ప్రభుత్వ శాఖ నేరుగా అందులోకి పంపిన పత్రానికే ఒరిజినల్‌తో సమానమైన విలువ. మనం ఫోనుతో ఫొటో తీసి ఎక్కించుకున్నది జిరాక్స్ కాపీ కిందే లెక్క.

ఇంతా సర్దాక ఒక తెల్లకాగితం మీద రాయండి: ఏ బ్యాంకులో ఖాతా ఉంది, నామినీ ఎవరు, పాలసీ నంబరు ఎంత, బంగారం ఎక్కడ తాకట్టులో ఉంది, ఎవరికి ఎంత ఇచ్చాం, ఎవరికి ఎంత ఇవ్వాలి. పిన్ నంబర్లు అందులో వద్దు. ఆ కాగితం భార్యాభర్తలిద్దరికీ, ఎదిగిన పిల్లల్లో ఒకరికీ తెలియాలి. పదేళ్లు కదలిక లేని ఖాతాల్లోని డబ్బు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధిలోకి వెళ్లిపోతుంది. వారసులు అడిగితే తిరిగిస్తారు, కానీ ఖాతా ఉన్నట్టు ముందు తెలియాలి కదా. అలాంటి డబ్బు కోసం రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో మొదలుపెట్టిన ఉద్గమ్ పోర్టల్లో పేరుతో వెతకవచ్చు. ఇంట్లో ఒక పెద్దాయన ఈ మధ్యే పోయి ఉంటే ఆ పోర్టల్లో ఓసారి చూడండి.

సామానుకూ ఇదే ప్రశ్న పనికొస్తుంది. టీవీ అట్టపెట్టె, పనిచేయని స్టెబిలైజరు, ఏ ఫోనుదో తెలియని చార్జర్లు, ఇవేవీ దొరకనివి కావు. కష్టమల్లా శుభలేఖలతోనే. పైన వినాయకుడు ఉంటాడు, చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాదు. బొమ్మ వరకు కత్తిరించి పిల్లల పుస్తకాల్లో పెట్టించి, మిగిలిన అట్ట పాత కాగితాల్లో కలిపేయవచ్చు. భోగిమంటలో వేస్తామంటారా, మెరుపు కాగితం, ప్లాస్టిక్ పూత ఉన్నవి వద్దు, ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

చివరగా, పాత పేపర్లు కొనేవాళ్లకు కిలోల లెక్కన ఇచ్చేముందు బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆధార్, పాన్ జిరాక్సులు, వాడని చెక్కులు వేరు చేయండి. లేదంటే ఏ బజ్జీల బండి దగ్గరో మీ ఖాతా నంబరు మీకే పొట్లంగా కట్టిస్తారు. వాటిని చింపి, బకెట్లో ఒక రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి పారేయండి. మిగతావి తూకానికి వేయండి, త్రాసు ముల్లు మీద మాత్రం ఓ కన్నేసి ఉంచండి. సెలవు, నమస్కారం.