పెద్దనాన్న పైపులు: ఏ గిన్నెలో ఏ పొగాకు?

(పాత వస్తువుల మీద ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి)

యాంకర్: హలో, చెప్పండన్నా, ఎక్కడి నుంచి?

శ్రోత: నల్గొండ నుంచండీ. నాగార్జునసాగర్ డ్యాం కట్టేటప్పుడు మా పెద్దనాన్న అక్కడ ఇంజనీరు. ఆయన పొగాకు తాగే పైపులు రెండు నాకొచ్చాయి. ఒకటి నిటారుగా ఉంది, పొగాకు వేసే గిన్నె సన్నగా, లోతుగా ఉంటుంది. రెండోది వంపు పైపు, గిన్నె పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. పొగాకు రెండు రకాలు తెప్పించాను: వర్జీనియా ఫ్లేక్, అంటే అదిమి పలచగా కోసిన వర్జీనియా ఆకు ఒకటి, లటాకియా ఆకు కలిపింది ఒకటి. దేన్లో ఏది వేయాలి సార్?

నిపుణుడు: వంపు సంగతి పక్కన పెట్టు తమ్ముడూ. అది పళ్ల మధ్య పట్టుకోవడానికి సుఖం, అంతే. కాకపోతే అడుగున తడి చేరి గుడగుడమంటుంది, తాగేటప్పుడు మధ్యమధ్యలో పైపు గొట్టంలో క్లీనర్ పుల్ల దూర్చి తుడవాలి. చూడాల్సింది గిన్నె లోపలి కొలత. వేలు పెట్టి చూశావా?

శ్రోత: సన్నదాంట్లో చిటికెన వేలే పడుతుంది. రెండోదాంట్లో బొటనవేలు పడుతుంది.

నిపుణుడు: అయితే వర్జీనియా సన్నదాంట్లో వెయ్యి. ఆ ఆకులో చక్కెర ఎక్కువ, గబగబా పీలిస్తే వేడెక్కి నాలుక చుర్రుమంటుంది. సన్న గిన్నెలో నిప్పు చిన్నగా ఉండి నిదానంగా దిగుతుంది. లటాకియా అంటే పొగ పట్టించి ఆరబెట్టిన ఆకు, సిరియా రేవు పేరు దానికి. దాన్ని వేరే రెండు మూడు రకాల ఆకులతో కలుపుతారు. వెడల్పు గిన్నెలో అవన్నీ ఒకేసారి అంటుకుంటాయి, కలగలుపు రుచి బాగా తెలుస్తుందని పైపు తాగేవాళ్లంటారు. ఇది చట్టమేం కాదు, నీ నాలుకే తేల్చాలి.

నేను గట్టిగా చెప్పేది మాత్రం ఒకటుంది. లటాకియాకు వాడిన పైపులో వర్జీనియా వేయకు. పైపు చేసే బ్రయర్ కర్ర వాసన పట్టేసుకుంటుంది. చేపల పులుసు వండిన కుండలో పాలు కాచినట్టే అవుతుంది.

శ్రోత: వెడల్పుదాంట్లో ఇప్పటికే ఏదో సెంటు వాసన ఉంది సార్.

నిపుణుడు: పాతకాలపు సువాసన పొగాకు అయ్యుంటుంది. లోపల నల్లటి పొర ఎంత మందం ఉంది?

శ్రోత: చాలా ఉంది, గిన్నె అడుగు వైపు సగం మూసుకుపోయింది.

నిపుణుడు: అయ్యో, ముందు అది తియ్యి. ఆ పొర వేడికి ఉబ్బితే కర్ర పగులుతుంది. మొన ఉన్న చాకు వాడకు, మెల్లగా గీకుతూ రూపాయి బిళ్ల మందం ఉంచు. తర్వాత గిన్నెలో దూది పెట్టి, ఘాటైన స్పిరిట్‌తో తడిపి రాత్రంతా వదిలెయ్యి. తాగే స్పిరిటే వాడు, హార్డ్‌వేర్ షాపుది విషం. దూది నల్లబడితే మార్చి మళ్లీ పెట్టు. పూర్తిగా ఆరాకే పొగాకు వెయ్యి.

ఇంకో మాట తమ్ముడూ. పొగ లోపలికి మింగకపోతే ఏం కాదని కొందరంటారు, అది నమ్మకు. పైపు వల్ల కూడా పెదవి, నాలుక, గొంతు క్యాన్సర్లు వస్తాయి. పెద్దనాన్న గుర్తుగా శుభ్రం చేసి అద్దాల బీరువాలో పెట్టుకుంటే నాకు ఇంకా సంతోషం.

శ్రోత: మా ఇంట్లో కూడా అదే అంటున్నారు సార్. ముందైతే శుభ్రం చేస్తాను.

యాంకర్: థాంక్స్ అన్నా. తర్వాతి ఫోన్ వనపర్తి నుంచి, చెప్పండమ్మా...