వాళ్ల మంట 'డాక్టర్' మీద కాదండీ, కమ్యూనిటీ కాలేజ్ మీద!

పూల్ టేబుల్ మీద రాశాడండీ డిగ్రీ ఫైనల్ పరీక్ష! కర్రతో బంతులు కొట్టి ఆడుకుంటారే, ఆ టేబుల్ మీద. టెక్సాస్‌లో ఫోర్ట్ హుడ్ అనే మిలిటరీ క్యాంపులో. ఇది నేను తవ్వి తీసిన రహస్యం కాదు, ఆయనే రాసుకున్నాడు, అదీ మురిపెంగా. ఆ బీఏ ఒక్కటి చేతిలో పెట్టుకుని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో దాదాపు 30 ఏళ్లు ఇంగ్లిష్ చెప్పాడు. పేరు జోసెఫ్ ఎప్‌స్టీన్. 2020 డిసెంబర్‌లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికకెక్కి, అప్పుడే ప్రెసిడెంట్‌గా గెలిచిన జో బైడెన్ భార్య జిల్ బైడెన్‌కి సలహా ఇచ్చింది ఈయనే: పేరు ముందు ఆ 'డాక్టర్' తీసెయ్, నీది వైద్యం డిగ్రీ కాదు, విద్యారంగంలో డాక్టరేట్ కదా అని. పైగా 'కిడ్డో' అన్నాడు. 69 ఏళ్ల మనిషిని! మన దగ్గరైతే 'ఏమే పిల్లా' అన్నట్టు.

ఆ గొడవంతా మీకు తెలుసు, మళ్లీ మొదట్నుంచీ చెప్పను. నార్త్‌వెస్టర్న్ ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్ వాళ్లే 'బాబూ, ఆ అభిప్రాయం మాది కాదు' అని చేతులు దులుపుకున్నారు, అయిపోయింది. మరి ఇప్పుడెందుకు తీశానంటే, పోయిన వీడియో కింద ఒకాయన కామెంట్ పెట్టాడు: "ఆవిడ డాక్టరేంటి మేడమ్, కమ్యూనిటీ కాలేజ్ టీచరమ్మే కదా." కమ్యూనిటీ కాలేజ్ అంటే అమెరికాలో తక్కువ ఫీజుతో రెండేళ్ల చదువు చెప్పే కాలేజీ లెండి. ఆ 'టీచరమ్మే కదా' ఉంది చూశారూ, రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అసలు గుట్టు అక్కడుంది. నా థియరీ ఇదీ: ఈ జనాల మంట 'డాక్టర్' అనే మాట మీద కాదు. కమ్యూనిటీ కాలేజ్ మీద. ఆవిడ హార్వర్డ్‌లో పాఠం చెప్పి ఉంటే ఒక్కడైనా నోరెత్తేవాడా? చెప్పండి!

డాక్టర్ అంటే సూది వేసేవాళ్లేనా? మా ఊళ్లో ఆర్‌ఎంపీ గారున్నారు. పదో తరగతి అయ్యాక టౌన్లో ఒక డాక్టరు దగ్గర కాంపౌండర్‌గా చేసి, తిరిగొచ్చి ఊళ్లో గది తీసుకున్నారు. ఊరు ఊరంతా 'డాక్టరుగారూ' అనే పిలుస్తుంది, మా నాన్నతో సహా. ఎవడైనా ఆయన్ని సర్టిఫికెట్ అడిగాడా? శుభలేఖల్లో వరుడి పేరు పక్కన ఎమ్మెస్ అని, బ్రాకెట్లో యూఎస్‌ఏ అని వేసుకునే జాతి మనది. ఆ బ్రాకెట్ లేకపోతే సంబంధం సగం తెగినట్టే. అలాంటి మనం ఒకావిడ చదివి తెచ్చుకున్న డాక్టరేట్ మీద జోకులేస్తామా!

ఏం చదివిందో చూద్దాం. డెలావేర్‌లో ఇంగ్లిష్ బీఏ. 1981లో రీడింగ్ మీద ఒక మాస్టర్స్. 1987లో విల్లనోవా యూనివర్సిటీలో ఇంగ్లిష్ ఎంఏ. ఆ రెండు మాస్టర్సూ పిల్లల్ని పెంచుతూ, ఉద్యోగం చేస్తూ. మధ్యలో ఒక మానసిక చికిత్సా కేంద్రంలో, అడ్మిటైన టీనేజ్ పిల్లలకి ఇంగ్లిష్ చెప్పింది. హైస్కూళ్లలో చెప్పింది. 1993 నుంచి 15 ఏళ్లు డెలావేర్ టెక్ అనే కమ్యూనిటీ కాలేజ్‌లో. 2007లో, 55 ఏళ్ల వయసులో, డాక్టరేట్. థీసిస్ దేని మీదనుకున్నారు? కమ్యూనిటీ కాలేజ్‌లో చేరిన పిల్లలు మధ్యలో మానేయకుండా ఆపడం ఎలా, అని. ఎప్‌స్టీన్ గారికి ఆ టాపిక్ చప్పగా అనిపించిందట. అనిపిస్తుంది మరి, మానేసే పిల్లలు ఆయన క్లాసుకి ఎప్పుడొచ్చారు గనక!

2009 నుంచి మా నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజ్‌లోనే, మనం 'నోవా' అంటామే, అందులో చెప్పింది. భర్త వైస్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడూ, ప్రెసిడెంట్ అయ్యాకా, 2024 డిసెంబర్ దాకా. వైట్ హౌస్ బయట జీతానికి ఉద్యోగం చేసిన మొదటి ఫస్ట్ లేడీ. విమానంలో కూర్చుని పిల్లల వ్యాసాలు దిద్దుకునేది.

సరే, ఆవిడ సంగతి పక్కన పెట్టండి. అసలు బాంబు ఇక్కడ. ఈ కాలేజీల్లో ఇంగ్లిష్ చెప్పాలంటే ఏం కావాలో తెలుసా? వర్జీనియా కాలేజీలకి గుర్తింపు ఇచ్చే సంస్థ రూలు ప్రకారం మాస్టర్స్ ఉండాలి. ఆ మాస్టర్స్ ఇంగ్లిష్‌లో కాకపోతే ఇంగ్లిష్‌లో కనీసం 18 పీజీ క్రెడిట్లు చూపించాలి. కాలిఫోర్నియాలో కూడా మామూలుగా మాస్టర్స్ ఉండాల్సిందే. అంటే ఆ పూల్ టేబుల్ బీఏ పట్టుకుని ఎప్‌స్టీన్ గారు మా నోవాకి అప్లై చేస్తే? ప్రత్యేక మినహాయింపు పెట్టుకుంటే తప్ప గేటు దగ్గరే ఆపేస్తారు! గురివింద గింజకి తన నలుపు తెలీదంటారు కదా. ఈయనకి తెలుసండీ. తెలిసి, ఆ నలుపునే దిష్టిచుక్కలా పెట్టుకుని తిరుగుతున్నాడు.

మళ్లీ చెప్తున్నా వినండి. పేరున్న యూనివర్సిటీలో బీఏ చాలింది. 'టీచరమ్మే కదా' అని మీరు తీసిపారేసే చోట బీఏ చాలదు!

నాకెలా తెలుసంటారా? డిపెండెంట్ వీసా మీద వచ్చిన కొత్తలో నేనూ చేరాను ఒక కమ్యూనిటీ కాలేజ్‌లో, ఏదో చెప్పను. ఇంగ్లిష్ 111, వ్యాసాలు రాయించే క్లాసు. ఎంసీఏ చదివినదాన్ని, నాకీ ఇంగ్లిషేంటి అని ముక్కు ఎగరేసుకుంటూ వెళ్లా. నా పక్కన పగలంతా నర్సింగ్ హోమ్‌లో పనిచేసి వచ్చే ఇథియోపియా అమ్మాయి, ముందు వరసలో ఆర్మీ నుంచి వచ్చేసిన ఒకాయన, వెనక రెస్టారెంట్ యూనిఫామ్‌లోనే వచ్చే సాల్వడార్ కుర్రాడు. మొదటి వ్యాసం తిరిగొచ్చింది. మార్జిన్లో చోటు చాలక కాగితం వెనక కూడా రాసింది మేడమ్. "మూడు పేరాలు ఎవరో చెప్పినవి రాశావు, నువ్వేమనుకుంటున్నావు?" అని. మన చదువుల్లో ఎవరైనా నన్ను ఆ ప్రశ్న అడిగారా? గైడ్‌లో ఉన్నది రాస్తే మార్కులు, అంతేగా!

ఆ మేడమ్ బ్యాక్‌గ్రౌండ్ వినండి. ఇరవై ఏళ్లు రిపోర్టరు, పత్రిక మూతపడింది. కవిత్వం రాయడంలో మాస్టర్స్. వారానికి మూడు కాలేజీలు. ఆఫీసు గది లేదు, డౌటుంటే క్యాంటీన్లో కలవాలి. కారు డిక్కీ తీస్తే మూడు అట్టపెట్టెలు, ఒక్కో కాలేజీకి ఒక్కోటి. ఇలాంటివాళ్లని ఇక్కడ 'ఫ్రీవే ఫ్లయర్లు' అంటారు. ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల టీచర్లలో దాదాపు మూడింట రెండు వంతులు పార్ట్‌టైమే. 2015లో బర్కిలీ యూనివర్సిటీ వాళ్లు లెక్క తీస్తే, దేశంలో పార్ట్‌టైమ్ కాలేజ్ టీచర్ల కుటుంబాల్లో నాలుగో వంతు ఏదో ఒక ప్రభుత్వ సాయం మీద ఆధారపడుతున్నాయని తేలింది. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత.

పర్మనెంటు వాళ్లదేమన్నా పూలపాన్పా? సెమిస్టర్‌కి ఐదు క్లాసులు. క్లాసుకి పాతిక మంది వేసుకోండి, 125 మంది. ఒక్కొక్కరు నాలుగు వ్యాసాలు రాస్తే 500. వ్యాసానికి ఇరవై నిమిషాలు పెట్టినా 166 గంటలు, ఒట్టి దిద్దడానికే! మన సాఫ్ట్‌వేర్ అన్నలు రెండు లైన్ల మెయిల్‌ని కూడా చాట్‌జీపీటీకిచ్చి రాయించుకుంటున్నారు.

ఇక మనవాళ్ల సంగతి. మా నార్తర్న్ వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఏ బర్త్‌డే పార్టీకైనా వెళ్లండి. యూవీఏలో, అంటే యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాలో, సీటొచ్చిన పిల్లాడి పేరు మైకులో వినిపిస్తుంది. నోవాలో చేరిన పిల్లాడి తల్లి మాత్రం చెవి దగ్గరికొచ్చి "ప్రస్తుతానికి నోవాలే వదినా" అంటుంది. ఏంటా గుసగుస? ఆ పిల్లాడే మార్కులు నిలబెట్టుకుంటే రెండేళ్ల తర్వాత అదే యూవీఏకి ట్రాన్స్‌ఫర్ కావచ్చు, దానికి ఒప్పందమే ఉంది. ఫీజులో ఎంత మిగులుతుందో ఆ వదినకీ తెలుసు. అయినా గొంతు పెగలదు.

అదండీ నేననేది. ఎప్‌స్టీన్ గారి 'కిడ్డో', మా కామెంట్ బాబుగారి 'టీచరమ్మే కదా', ఈ వదినగారి గుసగుస... మూడూ ఒకటే! కాదంటారా, కింద రాయండి, రేపు లైవ్‌లో తేల్చుకుందాం.

"నువ్వేం చదివావ్ ఆంటీ మాట్లాడ్డానికి" అని ఎలాగూ అడుగుతారు. ఎంసీఏ, రెగ్యులర్. పూల్ టేబుల్ మీద రాయలేదు నాన్నా, కాళ్లు ఊగే బల్ల మీద రాశా.