సుగ్గికి పోకముందే సంతకాలు

శ్రోతలకు నమస్కారం.

కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, మంత్రాలయం. మన కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో పత్తి ఏరడం అయిపోతే చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరప కోతకు పోతారు, దాన్నే సుగ్గికి పోవడం అంటాం. పిల్లల్ని కొందరు వెంట తీసుకుపోతారు, కొందరు అవ్వ దగ్గరో వలస పోయినవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లోనో వదిలిపోతారు. ఈ తల్లిదండ్రులకూ పిల్లలకూ కలిపి నడిపే సాయంత్రం బడికి నిధులు ఆగితే ఏం చేయాలి? ఈ పూట అదే మాట్లాడుకుందాం.

కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా పథకం సాక్షర భారత్ 2009లో మొదలై 2018 మార్చి 31తో ముగిసింది. ఊళ్లో బడి నడిపే ప్రేరకులకు నెలకు ఇచ్చే 2,000 రూపాయలు కూడా దాంతోనే పోయాయి. 2022లో మొదలై ఇప్పుడు ఉల్లాస్ అని పిలుస్తున్న పథకంలో చదువు చెప్పేవాళ్లంతా స్వచ్ఛంద సేవకులే. పాత సంగతి ఇంతే.

అసలు ఆ బడిలో ఏం జరుగుతుందో ఒక్క పాఠం చెబుతాను. కూలి పుస్తకం పాఠం.

ఈ పాఠం అ, ఆలతో మొదలుకాదు, ఫోను మీది అంకెలతో మొదలవుతుంది. తల్లికి అవి గుర్తే. కానీ రాసేటప్పుడు 12 కాస్తా 21 అవుతుంది. అందుకే మొదటి రెండు వారాలు పలక, బలపమే. పత్తి ఏరిన వేళ్లు బిరుసెక్కి ఉంటాయి, సన్నటి పెన్సిల్ పట్టు చిక్కదు. ఆ తర్వాత నోటు పుస్తకంలో ఐదు గళ్లు గీస్తారు: తేదీ, కిలోలు, రేటు, కూలి, అడ్వాన్సు. మొదట నేర్పే మాటలు "కిలో", "కూలి". "మేస్త్రి" రెండు నెలల తర్వాతే. ఆ "స్త్రి"లో ఒత్తు కింద ఒత్తు ఉంది, మొదట్లోనే పెడితే మనిషి బెదిరిపోయి మర్నాటి నుంచి రాదు.

రోజుకు 35 కిలోలు కోసింది, కిలోకు 12 రూపాయలు అనుకుందాం. 420. ఆరు రోజులకు 2,520. ముందు తీసుకున్న అడ్వాన్సు 2,000. చేతికి రావలసింది 520. ఈ లెక్కను బిడ్డ పైకి చదువుతాడు, తల్లి రాస్తుంది. బిడ్డ చదవాలి, తల్లే రాయాలి. ఎక్కువగా ఇక్కడే చెడుతుంది. అమ్మ తడబడగానే పిల్లోడు "ఇట్లియ్యమ్మా" అని బలపం లాక్కుని రాసేస్తాడు. పాఠం అయిపోతుంది, అమ్మకు మాత్రం ఏమీ రాదు. బలపం పిల్లోడి చేతికి పోకుండా చూడటమే ఆ బడిలో చెప్పే మనిషికి అన్నిటికంటే పెద్ద పని. ఇంతకంటే పనికొచ్చే పాఠం మరొకటి లేదని నా నమ్మకం.

మరి ఇంత మంచి బడికి నిధులు ఎందుకు ఆగుతాయి? ఫిబ్రవరిలో అధికారులు తనిఖీకి వస్తే బడిలో ఐదుగురుంటారు. "జనం రావడం లేదు" అని రాసుకుపోతారు. జనం రాకపోవడం కాదు, జనం ఊళ్లోనే లేరు. కాబట్టి హాజరు పట్టీలో మానేశారని రాయకండి, సుగ్గికి పోయారని తేదీతో రాయండి.

బడిని జూన్ నడుమ మొదలుపెట్టండి. చదవడం, రాయడం, లెక్క పట్టుబడాలంటే 200 గంటలు కావాలి. వారానికి ఆరు రోజులు, రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర. అంటే వారానికి 9 గంటలు, దాదాపు 23 వారాలు. పండుగలు, పత్తి పనులు కలుపుకున్నా డిసెంబరులో పూర్తవుతుంది. ఉల్లాస్ పరీక్షకు 150 మార్కులు. దాన్ని మార్చిలో పెడితే మనవాళ్లు ఊళ్లో ఉండరు. బడి అయ్యాక వచ్చే సెప్టెంబరులో పెట్టమని ముందే అడగాలి.

ఇక డబ్బు సంగతి. వయోజన విద్య రాజ్యాంగం 11వ షెడ్యూలులోని 29 అంశాల్లో ఒకటి, అంటే పంచాయతీ పనే. అక్టోబరు 2 నుంచి వచ్చే ఏడాది ప్రణాళిక కోసం గ్రామసభలు మొదలవుతాయి. అప్పటికి మనవాళ్లు ఊళ్లోనే ఉంటారు, సభకు అప్పుడే పోవాలి. సంక్రాంతి దాటాక పోతే అర్జీ ఉంటుంది, మనుషులుండరు.

సభలో జీతం అడగకండి. పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంటును జీతాలకు వాడకూడదు కాబట్టి ఆ ఒక్క మాటతో అర్జీ అంతా పక్కన పడుతుంది. వస్తువులు అడగండి. 25 మందికి 25 పలకలు, 50 నోటు పుస్తకాలు, బలపాల పెట్టెలు, ఒక నల్లబల్ల, కరెంటు పోయినా వెలిగే లైట్లు రెండు. చెప్పే మనిషి గౌరవ వేతనానికి దాతలను విడిగా అడగండి. రెండూ ఒకే కాగితంలో కలపవద్దు.

తీర్మానం పుస్తకంలో ఎక్కేదాకా సభలోంచి లేవకండి. నకలు ఎంపీడీఓ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సమాచార హక్కు కింద అడగండి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.

ఇంకొక్క మాట. ఆ అర్జీ కింద వేలిముద్రలు వద్దు. జూన్‌లో వేలిముద్ర వేసి బడిలో చేరిన తల్లులే అక్టోబరులో సంతకాలు పెట్టాలి. కూలి పుస్తకంలో ఒక పేజీని, తల్లి చేత్తో రాసినదాన్ని, కొట్టివేతలతో సహా, అర్జీకి జతచేయండి.

నమస్కారం.