గుండె వేగం ఎప్పుడు తగ్గింది?

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఏ కాన్పుల ఆస్పత్రి వరండాలో కూర్చున్నా, అది పేట్లబుర్జు కావచ్చు, కోఠి సుల్తాన్‌బజార్ కావచ్చు, మీ వీధి చివర నర్సింగ్ హోమ్ కావచ్చు, ఒక మాట చెవిన పడుతుంది. "లోపల బిడ్డ గుండె తగ్గిందంట." అంతే, ఒకరు దేవుడికి మొక్కుకుంటారు, ఒకరు ఊళ్ళో వాళ్ళకి ఫోన్ కలుపుతారు, ఇంకొకరు "ఆలస్యం ఎందుకు, ఆపరేషన్ చేసెయ్యండి మేడమ్" అని తలుపు దగ్గరికి వచ్చేస్తారు. వాళ్ళ భయం నాకు తెలుసు. ఇన్నేళ్ళు లేబర్ రూమ్‌లో పనిచేసినా ఆ శబ్దం నెమ్మదించినప్పుడు నా చెయ్యి కూడా ఒక్క క్షణం ఆగుతుంది.

కానీ నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. ఎప్పుడు తగ్గింది? ఎంత తగ్గింది అన్నది ఆ తర్వాత.

తల్లి పొట్టమీద రెండు బెల్టులు కడతారు, మీరు చూసే ఉంటారు. ఒకటి బిడ్డ గుండె చప్పుడు పట్టుకుంటుంది, రెండోది నొప్పి వచ్చినప్పుడు పొట్ట గట్టిపడటాన్ని పట్టుకుంటుంది. పక్కనున్న మెషీన్ లోంచి కాగితం నెమ్మదిగా బయటికి వస్తుంది, మన దగ్గర ఎక్కువగా నిమిషానికి ఒక సెంటీమీటరు చొప్పున. దాని మీద పైన గుండె గీత, కింద నొప్పుల గీత. దీన్నే సీటీజీ అంటారు. పై గీత నిమిషానికి 110కీ 160కీ మధ్య నడవాలి. తిన్నగా గీసినట్టు ఉండకూడదు. 5 నుంచి 25 వరకు పైకీ కిందికీ సన్నగా వణుకుతూ ఉండాలి. ఆ వణుకే నాకు ధైర్యం. బిడ్డ మెదడుకీ గుండెకీ ఆక్సిజన్ బాగానే అందుతోందని అది చెబుతుంది.

ఒక రాత్రి సంగతి చెబుతాను. తొలికాన్పు అమ్మాయి. నొప్పులు సరిగ్గా రావడం లేదని, వాటిని పెంచే ఆక్సిటోసిన్ మందు డ్రిప్ పెట్టారు. అర్ధరాత్రి దాటాక సిస్టర్ పిలిచింది. "మేడమ్, తొంభైకి పడుతోంది." నేను వెళ్ళేసరికి అత్తగారు స్క్రీన్ ముందు నిలబడి అంకెలు చదువుతోంది, 140, 120, 95. ఆమె చదివిన ప్రతి అంకెకీ ఆ పిల్ల మొహం ఇంకా పాలిపోతోంది.

నేను స్క్రీన్ వదిలేసి కాగితం చేతిలోకి తీసుకున్నాను. కింది గీత మీద వేలు పెట్టాను. నొప్పి ఎక్కడ మొదలైంది, ఎక్కడ శిఖరానికి చేరింది, అక్కడినుంచి వేలు నిలువుగా పైకి తెచ్చాను. గుండె గీత పడిపోవడం ఆ శిఖరం దాటాక మొదలైంది. నొప్పి పూర్తిగా పోయిన తర్వాత మెల్లగా పైకి లేచింది. తర్వాతి నొప్పికీ అంతే. ఆ తర్వాతదానికీ అంతే. ఇది ఆలోచించాల్సిన గీత. నొప్పితో పాటే దిగి నొప్పితో పాటే లేస్తే, తల నొక్కుకుపోవడం వల్ల అని చాలాసార్లు ఊరుకోవచ్చు. నొప్పి శిఖరం దాటాక పడి, నొప్పి పోయాక గానీ లేవకపోతే ఊరుకోకూడదు.

ఇప్పుడు కింది గీతని మళ్ళీ చూశాను, ఈసారి నొప్పులు లెక్కపెట్టడానికి. పది నిమిషాల్లో ఏడు. ఐదు దాటితేనే ఎక్కువ. గర్భసంచి గట్టిపడ్డప్పుడు, బిడ్డకి ఆక్సిజన్ అందించే మాయకి రక్తం వెళ్ళడం తగ్గుతుంది. నొప్పికీ నొప్పికీ మధ్య వదులైనప్పుడే బిడ్డకి మళ్ళీ ఆక్సిజన్ అందుతుంది, బావిలో మునకేసిన పిల్లవాడు పైకొచ్చి ఊపిరి పీల్చుకున్నట్టు. ఈ కడుపులో బిడ్డకి ఆ విరామమే దొరకడం లేదు.

కానీ పై గీతలో వణుకు ఉంది. గీత కిందికి దిగిన ఆ పల్లాల మధ్య చక్కగా వణుకుతోంది. అంటే బిడ్డ ఇంకా తట్టుకుంటోంది. డ్రిప్ ఆపమన్నాను. అమ్మాయిని ఎడమ పక్కకి తిప్పాం. బీపీ చూశాం. బొడ్డుతాడు జారలేదని లోపల పరీక్ష చేసి నిర్ధారించుకున్నాను. ఉమ్మనీరు తేటగానే ఉంది. థియేటర్ వాళ్ళని మాత్రం సిద్ధంగా ఉండమన్నాను. ఆక్సిటోసిన్ ఆపితే దాని ప్రభావం త్వరగానే తగ్గుతుంది. నొప్పులు దూరం జరిగాయి. పల్లాలు చిన్నవయ్యాయి, తర్వాత పోయాయి. అత్తగారు స్క్రీన్ వైపు చూసి, "ఇప్పుడు తగ్గట్లేదా అమ్మా?" అని అడిగింది. తెల్లవారాక నార్మల్‌గా కాన్పయింది. బిడ్డ పుట్టగానే గట్టిగా ఏడ్చింది.

అలాగని ప్రతిసారీ ఆగమని నేను చెప్పను. గీతలో వణుకు పూర్తిగా పోయి, ప్రతి నొప్పి తర్వాతా పల్లం పడుతుంటే ఆగకూడదు. గుండె వేగం పడిపోయి ఏం చేసినా లేవకపోతే ఆగకూడదు. అప్పుడు ఆపరేషనే బిడ్డని కాపాడుతుంది.

ఈ మెషీన్‌కి ఉన్న పరిమితి కూడా చెప్పాలి. 1985లో ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో దాదాపు 13 వేల మంది తల్లులతో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. మధ్యమధ్య గుండె చప్పుడు విన్న వాళ్ళతో పోలిస్తే, ఎడతెగకుండా మెషీన్ పెట్టిన వాళ్ళ పిల్లల్లో పుట్టగానే వచ్చే ఫిట్స్ తగ్గాయి, మరణాలు మాత్రం తగ్గలేదు. ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కదలికలు సరిగ్గా లేకపోవడం కూడా తగ్గలేదు, ఆపరేషన్లు మాత్రం పెరిగాయి. అందుకే ఏ ఇబ్బందీ లేని తల్లికి మెషీన్ ఎప్పుడూ తగిలించి ఉంచక్కర్లేదని, మధ్యమధ్య నొప్పి తర్వాత గుండె చప్పుడు వింటే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ, షుగర్, పాత ఆపరేషన్ కుట్టు, డ్రిప్ లాంటివి ఉన్నవాళ్ళ సంగతి వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. దానికి కారణాలు చాలా ఉన్నాయి. గీతని హడావిడిగా చదవడం వాటిలో ఒకటని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. బెల్టు జారితే మెషీన్ బిడ్డ గుండెని వదిలేసి తల్లి నాడిని లెక్కపెట్టవచ్చు. అందుకే మంచి సిస్టర్ తల్లి మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి, చెవిలో వినిపించే చప్పుడుతో పోల్చుకుంటుంది. ఈ పని చేసే సిస్టర్‌ని చూస్తే నాకు ఎంతో గౌరవం.

మీలో ఎవరి ఇంట్లోనైనా కాన్పు దగ్గరపడితే ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. పక్కన ఉండే అవకాశం వస్తే స్క్రీన్ మీద అంకెలు పైకి చదవకండి. వెల్లకిలా పడుకుని ఉంటే, సిస్టర్‌ని అడిగి పక్కకి తిరగడానికి సాయం చెయ్యండి. గుండె తగ్గిందని ఎవరైనా అంటే, "నొప్పితో పాటు తగ్గుతోందా, నొప్పి పోయాకా? మళ్ళీ లేస్తోందా?" అని మర్యాదగా అడగండి. జవాబు చెప్పడానికి డాక్టర్‌కి ఒక్క నిమిషం చాలు. ఆ ఒక్క నిమిషం కూడా లేదు, వెంటనే థియేటర్‌కి తీసుకెళ్ళాలి అంటే మాత్రం వాదించకండి. సంతకం పెట్టండి. కాగితం కేస్ షీట్‌లోనే ఉంటుంది, బిడ్డ బయటికొచ్చాక కూర్చుని అడిగి తెలుసుకోవచ్చు.