ఎలుగుబంటి చెవులు ఎవరివి?

హోస్ట్: అన్నా, మొన్న అమెరికాలో యూటా రాష్ట్రం వెళ్లొచ్చారు కదా. అందరూ జయాన్, ఆర్చెస్ పార్కుల ఫొటోలు పెడతారు. మీరేంటి, రెండు గుట్టలు పెట్టారు?

గెస్ట్: (నవ్వు) అవే బేర్స్ ఇయర్స్. దూరం నుంచి చూస్తే ఎలుగుబంటి పొద వెనక నక్కి, చెవులు మాత్రం బయట పెట్టినట్టుంటాయి. ఆ చుట్టుపక్కల కొండ గూట్లో పాత రాతిగోడలు కనిపించాయి. ఒక బండమీద కుండపెంకులు, వేలెడంత మొక్కజొన్న కండె. వందల ఏళ్లనాటివి.

హోస్ట్: ఈ భూములు ఎవరి చేతిలో ఉండాలన్నదే కదా గొడవ?

గెస్ట్: మామూలు గొడవా! 2016 డిసెంబరులో ఒబామా 13.5 లక్షల ఎకరాలను జాతీయ స్మారకంగా, అంటే కేంద్రం కాపాడే భూమిగా ప్రకటించారు. ఏడాది తిరక్కుండా ట్రంప్ దాదాపు 2 లక్షలకు కుదించారు. 2021లో బైడెన్ మళ్లీ పెంచారు. 2022లో యూటా ప్రభుత్వం కోర్టుకెక్కింది. 1906 నాటి ఆంటిక్విటీస్ చట్టం ప్రకారం అధ్యక్షుడి సంతకం ఒక్కటే చాలు. గవర్నర్‌ను అడగక్కర్లేదు.

హోస్ట్: అడక్కపోతే మండదా మరి?

గెస్ట్: మండుతుంది. 1996లో క్లింటన్ యూటాలోని గ్రాండ్ స్టెయిర్‌కేస్ అనే ఇంకో స్మారకాన్ని పక్క రాష్ట్రం అరిజోనాలో నిలబడి ప్రకటించారు. పెళ్లి మనింట్లో, కబురు పక్కింట్లో! పైగా యూటాలో మూడింట రెండొంతుల దాకా కేంద్రం భూమే. మ్యాప్‌లో ఆ కేంద్రం భూమి పసుపు రంగు, దాని మధ్య చదరంగం గళ్లలా నీలం ముక్కలుంటాయి. బడుల ఖర్చుకని రాష్ట్రానికిచ్చినవి, 36 గళ్లకు 4 చొప్పున. చుట్టూ స్మారకమైతే ఆ నీలం గడిలో ఏం చేసుకుంటావు? వాళ్ల బాధ నాకక్కడే అర్థమైంది.

హోస్ట్: అయితే యూటాదే న్యాయమంటారా?

గెస్ట్: ఆగు తమ్ముడూ. 2024లో ఏకంగా 1.85 కోట్ల ఎకరాల మీద సుప్రీంకోర్టుకెళ్లారు, కేంద్రం వాటిని అట్టిపెట్టుకోకూడదని. 2025 జనవరిలో కోర్టు విచారణకే ఒప్పుకోలేదు. 1894 చట్టం చూడు, రాష్ట్రం కావాలంటే ఆ భూములపై ఏ హక్కూ అడగమని రాసివ్వాలని షరతు. రాసిచ్చారు కూడా.

హోస్ట్: మన దగ్గర తిరగేసి ఉంటుందేమో. అడవి రాష్ట్రానిది, వేరే పనికి మళ్లించాలంటే 1980 చట్టం కింద కేంద్రాన్ని అడగాలి.

గెస్ట్: అక్కడా అన్నిచోట్లా ఒకటే కాదు. వయోమింగ్ రాష్ట్రంలో 1950 నుంచి కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు ఒప్పుకోందే కొత్త స్మారకం పెట్టడానికి లేదు. ఇంకోటి, బేర్స్ ఇయర్స్‌ను కాపాడమని అడిగింది అక్కడి ఆదివాసులైన హోపీ, నవాహో, జూనీ, రెండు యూట్ తెగలు. యూటా వాదనల్లో వాళ్ల మాట సోదిలోకి కూడా రాదు.

హోస్ట్: ఇంతకీ ఆ కండె తెచ్చారా?

గెస్ట్: అయ్యో, ముట్టుకోలేదు. పక్క గోడమీద ఎవరిదో అరచేతి ముద్ర. నా చేతికన్నా చిన్నది.