వార్డులో బరువులెత్తే వాళ్ల నడుముల గురించి

అందరికీ నమస్కారం. ముందు వరసలో సూపరింటెండెంట్ గారు, రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్ (ఆర్‌ఎంఓ) గారు ఉన్నారు, సంతోషం. కానీ నేను మాట్లాడేది వెనకాల నిలబడ్డ మీ గురించి. ఎంఎన్‌ఓలు, ఎఫ్‌ఎన్‌ఓలు అనే మగ, ఆడ నర్సింగ్ సహాయకులు, ఆయాలు, స్ట్రెచర్ తోసేవాళ్లు, శానిటేషన్ వాళ్లు. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లు దయచేసి కూర్చోండి.

నేను ఫిజియోథెరపిస్టుని. నడుం పట్టేసి నా దగ్గరికి వచ్చే ఆసుపత్రి సిబ్బంది చాలామంది మొదట చెప్పే మాట, "నాదే పొరపాటు సార్, సరిగ్గా ఎత్తలేదు" అని. ఆ మాట వింటే బాధేస్తుంది. నడుం వంచొద్దు, మోకాళ్లు వంచండి అని ఎన్నాళ్లుగానో పోస్టర్లు అంటించి మీ చేత అలా అనిపించింది మేమే కదా. అట్టపెట్టె ఎత్తడానికి ఆ సలహా సరిపోవచ్చు. ఆపరేషన్ మత్తు దిగని మనిషి ఒళ్లు ఎటు పడితే అటు జారిపోతుంది, భయపడ్డ ముసలమ్మ మీ మెడ పట్టుకుని వేలాడుతుంది, ఒకపక్క సెలైన్ స్టాండు, ఇంకోపక్క గోడ, ఇక మోకాళ్లు వంచే చోటేదీ? ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసిన కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష 2011లో తేల్చింది కూడా ఇదే. ఎత్తే పద్ధతి నేర్పించినంత మాత్రాన నడుం నొప్పి తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదు.

లెక్క చూద్దాం. పనివాళ్ల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సూత్రం ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నా ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. పేషెంట్ల విషయంలో అది చెల్లదు, దాదాపు 16 కిలోల దగ్గరే ఆగాలని ఆ సంస్థకే చెందిన థామస్ వాటర్స్ 2007లో రాశారు. అరవై కిలోల మనిషిని నలుగురు దుప్పటి పట్టి లేపితే తలా పదిహేను. అదీ సమానంగా పడితేనే, కానీ మొండెం వైపు పట్టుకున్నవాళ్ల మీదే ఎక్కువ పడుతుంది. రాత్రి రెండు గంటలకి వార్డులో నలుగురు ఎక్కడ దొరుకుతారు? ఇద్దరుంటారు, ఒక్కోసారి ఒక ఆయా, పేషెంటు తాలూకు కుర్రాడు. అప్పుడు తలా ముప్పై కిలోలు, పైగా మంచం మీదకి వంగి, పక్కకి తిరిగి. వంగుతూ తిరగడం నడుం కింది డిస్కులకి అన్నిటికన్నా చేటు.

స్ట్రెచర్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. చక్రం ఇరుసుకి బ్యాండేజీ దారాలు, వెంట్రుకలు చుట్టుకుని ఒక చక్రం తిరగదు, బండి ఎడమకి లాగుతుంది, దాన్ని సరిగ్గా నడపడానికి క్యాజువాల్టీ నుంచి స్కానింగ్ గది దాకా నడుం మెలితిప్పి నెడుతూనే ఉండాలి. సూపరింటెండెంట్ గారూ, దీనికి కావలసింది ఒక కత్తెర, కాస్త నూనె, నెలకోసారి అన్ని చక్రాలూ చూసే బాధ్యత ఒక మనిషికి. కొనాల్సింది స్లైడ్ షీట్. జారే నైలాన్ గుడ్డ అంతే, పేషెంట్ కింద వేస్తే ఎత్తే పనే ఉండదు, లాగితే చాలు. ఆక్సిజన్ సిలిండర్‌ని అంచు మీద దొర్లించకుండా ట్రాలీ ఇవ్వండి. మాపు కర్ర పొడవు భుజం దాకా ఉండాలి, గుడ్డ చేత్తో పిండే బాధ పోవాలి. తడిసిన దుప్పట్ల మూట కట్టేటప్పుడు చిన్నగా కట్టండి, రెండుసార్లు తిరిగినా పరవాలేదు. ఆరోగ్యానికి ముప్పు తెచ్చేంత బరువు ఏ కార్మికుడి చేతా మోయించకూడదన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) ఒప్పందాన్ని మన దేశం 2010లోనే ధ్రువీకరించింది. నేను అడిగేది దయ కాదు.

ఇంకొకటి, ఇది అవుట్‌సోర్సింగ్ వాళ్లకి ముఖ్యం. మీ జీతంలోంచి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా, కోత పడుతోందా, చూసుకోండి. డ్యూటీలో నడుం పట్టేస్తే మాట్లాడకుండా బామ్ రాసుకుని, నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని మళ్లీ పనిలోకి వెళ్లిపోతున్నారు. ఈఎస్ఐ ఆఫీసుకి ప్రమాద నివేదిక వెళ్లి, అది డ్యూటీలో తగిలిన దెబ్బగా ఒప్పుకుంటే, పనిచేయలేని రోజులకి సగటు జీతంలో 90 శాతం వస్తుంది. మామూలు జబ్బు అని రాస్తే 70 శాతమే, అదీ ఏడాదికి 91 రోజుల వరకే. అందుకే జరిగిన రోజే, ఏ టైముకి, ఏ పేషెంటుని ఎక్కడి నుంచి ఎక్కడికి మారుస్తుంటే జరిగిందో సిస్టర్ గారి చేత రిజిస్టర్‌లో రాయించండి. కాలు మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా మాత్రం ఇవేవీ చూడకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఒక స్లైడ్ షీట్ తెచ్చాను. ఆ మంచం ఇటు జరపండి, ఇద్దరు ముందుకు రండి, ఎలా వేయాలో చూపిస్తాను.